కాశీకి ఎంతవుతుంది?

"కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే" అనేవారు మన పెద్దవాళ్ళు. ఈ సామెత వినగానే అందరికీ దారిదొంగలూ, పులులూ, కలరా జాడ్యమూ గుర్తొస్తాయి. ఇల్లు నడుపుకునే ఆడవాళ్ళకి మాత్రం ఇంకో అనుమానం కూడా రావాలి. ప్రాణభయం సంగతి సరే, అసలా రోజుల్లో కాశీకి వెళ్ళి రావటానికి ఎంతయ్యేది? ఆ డబ్బు ఎక్కడ దాచుకుని తీసుకువెళ్ళేవారు? లెక్క ఎవరు చూసేవారు?

రాజులు దండయాత్రలకి ఎంత ఖర్చు పెట్టారో చరిత్రకారులు రాశారు. మామూలు కుటుంబం ఒకటి మూటాముల్లే కట్టుకుని ఈ దేశం చూడటానికి బయలుదేరితే ఎంతయిందో రాసినవాళ్ళు తక్కువ. దొరికినంతవరకూ చదువుతుంటే చాలా సరదాగానూ ఉంటుంది, అక్కడక్కడ మనసు చివుక్కుమంటుంది కూడా. మనం ఇవాళ ఉత్తరదేశ యాత్ర అనుకోగానే ముందు టిక్కెట్టు ధర చూస్తాం. పూర్వం వాళ్ళకి అంతకన్నా పెద్ద బెంగ వేరే ఉండేది. ఈ ఊళ్ళో చెల్లిన డబ్బు పై ఊళ్ళో చెల్లుతుందా?

మన అదృష్టం కొద్దీ ఈ లెక్కలన్నిటికీ తెలుగువాడే ఒక మంచి సాక్షి ఉన్నాడు. ఏనుగుల వీరాస్వామయ్యగారు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పదిహేను నెలల పైమాట. వెంట బంధువులూ, పల్లకీ బోయీలూ, నౌకర్లూ కలిసి నూరుమంది దాకా ఉన్నారు. తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా, పూరీ చూసుకుని, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం మీదుగా మళ్ళీ చెన్నపట్నం. దారిలో చూసినవన్నీ తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైగారికి ఉత్తరాలుగా రాసేవారు. వీరాస్వామయ్యగారు 1836లో పోయారు. ఆ రాతలన్నీ కూర్చి పిళ్ళైగారు 1838లో 'కాశీయాత్ర చరిత్ర' అచ్చు వేయించారు. స్నేహమంటే అదీ!

ఆ పుస్తకం నవల చదివినట్టు చదవలేం. ఈ ఊళ్ళో అంగళ్ళున్నాయి, ఆ ఊళ్ళో నీళ్ళు బాగుండవు, ఇక్కడ దిగటానికి చోటుంది, అక్కడ లేదు, ఇక్కడి నుంచి దారి రాళ్ళమయం... ఇదే వరస. మొదట విసుగొస్తుంది. పది పేజీలు గడిచాక సంగతి అర్థమవుతుంది. ఇది వెనక వచ్చేవాళ్ళ కోసం రాసిపెట్టిన పద్దు. ఏ ఊళ్ళో సామాను దొరకదో ముందే తెలిస్తే వెనకటి ఊళ్ళోనే కొనుక్కోవచ్చు. తెలియకపోతే ఎవరు ఎంత చెపితే అంత పోసి కొనాలి. యాత్రలో డబ్బు ఎక్కువగా పోయేది దూరానికి కాదు, తెలియనితనానికి. ఈ సంగతి దుబాసీ పని చేసినాయనకి ఇంకొకరు చెప్పాలా? కోర్టులో దొరల మాట జనానికీ, జనం మాట దొరలకీ తిప్పి చెప్పటమే ఆయన ఉద్యోగం. మధ్యలో నిలబడ్డవాడికి ఎవరు ఎక్కడ మోసపోతారో ఇట్టే తెలుస్తుంది.

ఇక డబ్బు సంగతికి వద్దాం. కన్యాకుమారి నుంచి కాశ్మీరం దాకా ఒకటే రూపాయి చెల్లే సుఖం మనకి ఎంత కొత్తదో మనం మరిచిపోయాం. చెన్నపట్నంలో 1818 దాకా లెక్కంతా వరహాల మీద నడిచింది. వరహా అంటే బంగారు నాణెం, మూడున్నర రూపాయలకి సమానం. వరహాకి 42 పణాలు, పణానికి 80 కాసులు. ఇంటి పద్దు రాసే ఇల్లాలి అవస్థ ఊహించుకోండి! 1818లో కుంఫిణీవారు వెండి రూపాయిని ప్రమాణం చేశారు. అయినా హైదరాబాదులో నిజాంగారి రూపాయి వేరు, నాగపూరులో భోంస్లేల రూపాయి వేరు, బెంగాలులో సిక్కా రూపాయి వేరు. పేరొకటే, అందులో వెండి వేరు. కుంఫిణీ రాజ్యమంతటికీ ఒకే తూకం రూపాయి 1835లో గాని రాలేదు. అప్పటికి వీరాస్వామయ్యగారు ఇల్లు చేరి నాలుగేళ్ళయింది.

అందుచేత పెద్ద ఊరు వచ్చినప్పుడల్లా షరాబు ముందు కూర్చోవాలి. అతను రూపాయిని మోగించి చూసి, అంచు తడిమి, ఇది అరిగింది, ఇది పాత ముద్ర, ఇది మా ఊరిది కాదు అంటూ కొంత కోసుకుని మిగతాది చేతిలో పెట్టేవాడు. ఆ కోతకి వట్టం అని పేరు. ఒక్కో చోట నూటికి రెండు రూపాయలే పోయాయనుకున్నా, నాలుగు రాజ్యాలు దాటేసరికి ఏమీ కొనకుండానే, ఏమీ తినకుండానే దగ్గరదగ్గర ఎనిమిది రూపాయలు హరించుకుపోయినట్టే. తూకాలూ అంతే. ఒక చోట వీశెలు, ఒక చోట సేర్లు, ఆ సేర్లలో మళ్ళీ పక్కా సేరు, కచ్చా సేరు. తవ్వా సోలా తప్ప ఇంకో కొలత ఎరగని మనిషి అక్కడ బియ్యం ఎలా కొనుక్కుంటుంది పాపం?

ఒరియా దేశంలోనూ బెంగాలులోనూ ఇంకో వింత. చిల్లర బేరాలన్నీ గవ్వలతోనే. మనం ఆడుకునే గవ్వలే. అవి మాల్దీవుల నుంచి ఓడల్లో దిగేవి. నాలుగు గవ్వలు ఒక గండా, ఇరవై గండాలు ఒక పణం, పదహారు పణాలు ఒక కహాణం. రూపాయికి నాలుగు కహాణాలని సర్కారు లెక్క, అంటే 5,120 గవ్వలు! ఒక్క రూపాయి మారిస్తే సంచీ నిండిపోతుంది. చేతిలో చిల్లిగవ్వ లేదు అని మనం ఈనాటికీ అంటూనే ఉన్నాం గదా, అది వట్టి అలంకారం అనుకునేదాన్ని ఒకప్పుడు. గవ్వ నిజంగా డబ్బే. కుంఫిణీవారు ఒరిస్సా గెలిచిన తరువాత, 1804లో, శిస్తు గవ్వల్లో తీసుకోం, వెండి రూపాయలే తెమ్మన్నారు. దాంతో బజారులో గవ్వ పడిపోయింది. రూపాయికి ఆరేడు కహాణాలు పోస్తే గాని వెండి దొరకని రోజులొచ్చాయి. 1817లో అక్కడి పైకులు తిరగబడ్డారంటే, ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. యాత్రికుడికి లాభమే మరి, రూపాయికి గవ్వలు ఎక్కువొచ్చాయి. ఆ లాభం ఎవరి నష్టంలోంచి వచ్చిందో బజారులో ఎవరూ చెప్పరు.

అయితే పెద్ద మొత్తాలు ఎలా తీసుకువెళ్ళేవారు? వెండి రూపాయి ఒకటి దరిదాపు తులం ఎత్తు. వెయ్యి రూపాయలంటే సుమారు పన్నెండు కిలోలు! దొంగల మాట అటుంచి, మొయ్యటానికే ఒక మనిషి కావాలి. అందుకని హుండీలు రాయించుకునేవారు. ఇక్కడి సాహుకారుకి డబ్బు కడితే అతను కాశీలోని సాహుకారు పేర చీటీ ఇస్తాడు. చూపించగానే ఇవ్వాల్సింది దర్శనీ హుండీ, గడువు తీరాక ఇవ్వాల్సింది ముద్దతు హుండీ. మైళ్ళకి మైళ్ళు దాటి, రాజ్యాలు దాటి, ఒకరి భాష ఒకరికి రాని వర్తకులు ఆ చిన్న కాగితం ముక్కని నమ్మి డబ్బు లెక్కపెట్టి ఇచ్చేవారంటే నాకు తాజ్‌మహల్ కన్నా అదే గొప్పగా కనిపిస్తుంది.

హుండీ అయిపోతే ఇంకో ఆధారం ఉండనే ఉంది. ఆడవాళ్ళ ఒంటిమీద బంగారం. దానిమీద ఏ రాజు ముద్ర ఉందని ఏ షరాబూ అడగడు. యాత్రలో అవసరానికి తీసిన గాజులు ఇల్లు చేరాక మళ్ళీ చేతికి వచ్చాయో లేదో మాత్రం ఏ యాత్రా చరిత్రలోనూ నాకు కనపడలేదు.

సరే, దేవుడి దగ్గరకి చేరాం. చేరగానే దర్శనమవుతుందా? అక్కడ పన్ను. శ్రీశైలంలో కందనూరు నవాబు వసూలు చేసేవాడు. ప్రయాగలో, గయలో, పూరీలో కుంఫిణీవారే వసూలు చేసేవారు. ప్రయాగ సంగమంలో స్నానానికి 1810 నాటి నిబంధన ప్రకారం కాలినడకన వచ్చినవాడికి ఒక రూపాయి, గుర్రమో పల్లకీయో ఉంటే రెండు రూపాయలు, ఒంటెకి మూడు, ఏనుగు మీద వస్తే ఇరవై. చూడటానికి న్యాయంగానే ఉంది, ఉన్నవాడు ఎక్కువ కట్టాలి గదా అనిపిస్తుంది. కూలివాడి నెల సంపాదన ఐదు రూపాయలు దాటని కాలం అది. ఏనుగు ఉన్నవాడికి ఇరవై రూపాయలు ఒక లెక్కా? నడిచి వచ్చిన ముసలమ్మకి ఆ ఒక్క రూపాయీ వారం రోజుల తిండి.

పూరీ లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. 1809 నిబంధనలో యాత్రికులని నాలుగు తరగతులు చేశారు. మొదటి తరగతి లాల్ జాత్రీలు. వాళ్ళు ఉత్తరపు దారిన వస్తే మనిషికి పది రూపాయలు, దక్షిణపు దారిన వస్తే ఆరు. రెండో తరగతికి ఐదూ, మూడూ. మూడో తరగతికి రెండు రూపాయలు. బైరాగులూ, గంగకావిళ్ళు మోసుకొచ్చేవాళ్ళూ వంటివారికి పన్ను లేదు. మనవాళ్ళు దక్షిణాన్నించి వెళ్ళేవారు కనక నాలుగు రూపాయలు తగ్గింపు అన్నమాట! అయినా మొదటి తరగతిలో పదిమంది ఉన్న కుటుంబం గుడిలో అడుగు పెట్టటానికే అరవై రూపాయలు. పండాలకి ఇచ్చేది వేరు. తరగతిని బట్టి దర్శనం, తరగతిని బట్టి బస. క్యూలో మూడు వందల టిక్కెట్టు, శీఘ్రదర్శనం అని మనం సణుక్కుంటాం గాని, ఈ రోగం పాతదే. ఆ పన్నుని 1840లో రద్దు చేశారు. యాత్రికుల మీద జాలితో ఎంత రద్దు చేశారో, విగ్రహారాధన మీద క్రైస్తవ ప్రభుత్వం డబ్బు గడించటం ఏమిటని ఇంగ్లండులో మిషనరీలు పెట్టిన గోలకి అంత రద్దు చేశారు. ఏదైతేనేం, ముసలమ్మ రూపాయి మిగిలింది.

వీరాస్వామయ్యగారి తరువాత ఏడేళ్ళకి ఇదే దేశాన్ని చూడటానికి ఇంకో బృందం బయలుదేరింది. గవర్నర్ జనరల్ ఆక్లండ్ ప్రభువు, ఆయన చెల్లెళ్ళు. అందులో ఎమిలీ ఈడెన్ అనే ఆమె ఇంటికి ఉత్తరాలు రాసేది. చాలా చమత్కారి. బొమ్మలు కూడా చక్కగా వేసేది. 1837 అక్టోబరులో కలకత్తా నుంచి కదిలిన ఆ బిడారులో పన్నెండు వేలమంది మనుషులు, ఎనిమిది వందల యాభై ఒంటెలు, నూట నలభై ఏనుగులు! నూరుమందితో వెళ్ళిన మన దుబాసీగారిదే పెద్ద సంబరం అనుకున్నాం గదా. ఆ బిడారు గంగా యమునల మధ్య దేశంలోకి వచ్చేసరికి అక్కడ కరువు. 1837-38 కరువు ఉత్తర హిందూస్తానం చరిత్రలో పెద్ద కరువుల్లో ఒకటి. కాన్పూరు ప్రాంతంలో ఎముకలగూళ్ళలాంటి పిల్లలు గుడారాల దగ్గరకి వచ్చి పడేవారు. ఎమిలీ అది చూసి తల్లడిల్లి, ఒక పసిబిడ్డకి రోజూ దగ్గరుండి పాలు పట్టించింది. ఆమె మనసు మంచిదే. కాని పన్నెండు వేలమందికీ, అన్ని పశువులకీ గ్రాసం వెళ్ళిన చోటల్లా ఆ నేల మీది నుంచే రావాలి గదా? ప్రయాణపు బడ్జెట్టు అంటే మన జేబులోంచి పోయేది మాత్రమే రాసుకుంటాం. మనం దిగిన ఊరికి ఏమయిందో రాసే గడి ఆ కాగితంలో ఉండదు.

దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో పుస్తకం తెరిచి చూడాలి. అది ఇచ్చినవాళ్ళ పుస్తకం. ఆ రోజుల్లో బీదవాడు కూడా కాశీ రామేశ్వరాలు చూసి వచ్చాడంటే దారిపొడుగునా సత్రాలుండబట్టే. పైకం లేకుండా పడుక్కోవటానికి అరుగు, తాగటానికి చల్లటి నీళ్ళు, చాలాచోట్ల ఒక పూట అన్నం. ఈ సత్రాల చరిత్ర తిరగేస్తుంటే ఆడవాళ్ళ పేర్లు ఎన్ని తగులుతాయో! మధుర నాయకుల ఇంటి తెలుగు కోడలు రాణీ మంగమ్మ 1689 నుంచి పదిహేనేళ్ళకి పైగా మనవడి తరఫున రాజ్యం చేసింది. ఆమె వేయించిన దారులనీ, కట్టించిన సత్రాలనీ తమిళులు ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు. మధుర రైలుస్టేషను ఎదురుగా మంగమ్మ సత్రం ఇవాళ్టికీ ఉంది. ఇందూరు రాణి అహల్యాబాయి కాశీ నుంచి రామేశ్వరం దాకా ఎన్ని ఘట్టాలు, ఎన్ని ధర్మశాలలు కట్టించిందో లెక్కలేదు. కాశీలో ఇప్పటి విశ్వనాథుడి గుడి ఆమె కట్టించిందే.

రాణులకేం, ఖజానా ఉంది అనకండి. మన కోనసీమలో డొక్కా సీతమ్మగారికి ఏ ఖజానా ఉంది? 1841లో పుట్టి, లంకల గన్నవరం కోడలై, 1909లో పోయేదాకా వచ్చినవాళ్ళకి వచ్చినట్టు వండి వడ్డించటమే ఆమె బతుకు. వేళ లేదు, కులం లేదు. గోదావరి పాయలు దాటి వచ్చిపోయే బాటసారులకి ఆ ఇల్లే మజిలీ. ఆమెని గురించి గోదావరి జిల్లాల్లో ఒక కథ చెప్పుకుంటారు. జన్మలో ఒక్కసారైనా అంతర్వేది వెళ్ళి నరసింహస్వామిని చూడాలని ఆమె పల్లకీలో బయలుదేరిందట. దారిలో కాస్సేపు ఆగినచోట ఒక పెళ్ళివారి గుంపు వెళుతోంది. ఆకలేసి ఏడుస్తున్న పిల్లలకి పెద్దవాళ్ళు, ఇంకొంచెం ఓర్చుకోండి, సీతమ్మగారి ఇల్లు వచ్చేస్తుంది, అన్నం తినొచ్చు అని సర్దిచెపుతున్నారు. ఆ మాట చెవిన పడగానే ఆమె పల్లకీ వెనక్కి తిప్పించేసిందట. వాళ్ళకన్న ముందు ఇల్లు చేరి పొయ్యి రాజేసింది.

ఈ కథని అందరూ ఆమె త్యాగం అని మెచ్చుకుంటూ చెపుతారు. నిజమే, చేతులెత్తి మొక్కాల్సిన మనిషి. నాకు మాత్రం ఆ పల్లకీ వెనక్కి తిరిగిన చోటు తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది. పదిమంది యాత్రలని చవక చేసిన చేతులకి తమ యాత్ర మాత్రం అందలేదు. ఇలా గుమ్మం దగ్గరే ఆగిపోయిన ప్రయాణాలు మన ఇళ్ళల్లో ఎన్ని లేవు!

ఈ గుమ్మం దాటించింది, చెప్పొద్దూ, రైలుబండే. 1856 జూలై 1న చెన్నపట్నం రాయపురం స్టేషను నుంచి వాలాజా దాకా మొదటి బండి నడిచింది. 1893లో బెజవాడ దగ్గర కృష్ణ మీద వంతెన, 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద వంతెన వచ్చాక, మనవాళ్ళకి కలకత్తా దారి తెరుచుకుంది. పదిహేను నెలలు పట్టిన యాత్ర పదిహేను రోజుల్లోకి వచ్చింది. కాలం తగ్గితే ఖర్చు తగ్గినట్టే. బోయీలు లేరు, గుడారం లేదు, దారిలో వట్టం లేదు.

ఆడవాళ్ళ మటుకు అసలు తేదీ ఇంకొకటుంది. 1890 నాటి రైల్వే చట్టంలో ఒక నిబంధన పెట్టారు. 1891 జనవరి నుంచి ప్రయాణికుల బండి ప్రతిదానిలోనూ అన్నిటికన్నా తక్కువ తరగతిలో కనీసం ఒక పెట్టె ఆడవాళ్ళకే విడిగా ఉంచాలి. ఆ బండి యాభై మైళ్ళకి మించి పోయేదైతే ఆ పెట్టెలో మరుగుదొడ్డి ఉండాలి. ఎంత చిన్న వాక్యం! తక్కువ తరగతిలో అని రాయటంలోనే ఉంది దాని విలువంతా. పరదాలు కట్టిన పల్లకీ లేనివాళ్ళకి, మగతోడుకి టిక్కెట్టు కొనలేనివాళ్ళకి, ముఖ్యంగా విధవలకి కాశీ అందుబాటులోకి వచ్చింది అప్పుడే. యాత్రల చరిత్రలో రాజులకి ఇచ్చినంత చోటు ఆ మరుగుదొడ్డికి కూడా ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

అప్పటి ఖర్చు ఎంతో తెలుసుకోవాలంటే గాంధీగారి ఆత్మకథ చూడాలి. 1902లో ఆయన కలకత్తా నుంచి రాజకోటకి మూడో తరగతిలో వెళుతూ, కాశీ, ఆగ్రా, జయపూరు, పాలన్‌పూరుల్లో ఒక్కో రోజు దిగారు. పన్నెండణాల గుడ్డసంచీ ఒకటి కొన్నారు. అందులో ఒక ముతక కోటు, ధోవతి, తువాలు, చొక్కా. కప్పుకోటానికి దుప్పటి, నీళ్ళకి కూజా. గోఖలేగారు ఒక డబ్బా నిండా మిఠాయీ, పూరీలూ పెట్టించి ఇచ్చి స్టేషనుకి వచ్చి సాగనంపారు. రైలు ఛార్జీతో సహా మొత్తం ముప్ఫయ్యొక్క రూపాయలకి మించి కాలేదని రాసుకున్నారు. కాశీలో జ్ఞానవాపి దగ్గర దక్షిణగా ఒక్క దమ్మిడీ పెడితే పండాకి కోపం వచ్చి విసిరేశాడు. నరకానికి పోతావన్నాడు. గాంధీగారు తాపీగా ఆ దమ్మిడీ తీసుకుని నడిచారు. దమ్మిడీ మిగిలిందని సంతోషం కూడానూ! పండా వెనక్కి పిలిచి, సరే అక్కడ పెట్టు, నీలా నేనూ చేస్తే నీకే పాపం అని చివరికి ఆ దమ్మిడీ పుచ్చుకున్నాడు. దక్షిణ దగ్గర గీచి బేరమాడే మా ఇంటి మగవాళ్ళకి ఈ కథ మహా ఇష్టం.

అయితే ఒక్క సంగతి గమనించారా? ముప్ఫయ్యొక్క రూపాయల్లో గోఖలేగారి డబ్బా లెక్క లేదు. ఆ డబ్బాలో మిఠాయీ ఎవరు చేశారో, పూరీలు ఎవరు వత్తారో మనకి తెలియదు. మన ఇళ్ళల్లో మాత్రం బాగా తెలుసు. యాత్ర అనుకున్న దగ్గర్నించి వారం రోజుల ముందే మొదలవుతుంది ఆడవాళ్ళకి. కందిపొడి కొట్టాలి, సున్నుండలు చుట్టాలి, జంతికలు వండాలి, మొదటి రోజుకి పులిహోర, రెండో రోజుకి చింతపండు పులుసులో ఊరిన దిబ్బరొట్టె. మడిగల ముసలమ్మ వెంట ఉంటే బియ్యం, పప్పు, కిరసనాయిలు స్టవ్వు కూడా మోసుకుపోవాలి. హోటలు ఖర్చు లేకుండా వెళ్ళొచ్చామని మగవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఆ వారం చాకిరీకి వెల కట్టి పద్దులో రాస్తే తెలుస్తుంది, హోటలు చవకో కాదో.

మారకం బాధ మనకి పూర్తిగా పోయిందీ ఈ మధ్యనే. నిజాం పాలన ఉన్నన్నాళ్ళూ బెజవాడ నుంచి హైదరాబాదు వెళ్ళటం కూడా పరదేశ ప్రయాణమే. సరిహద్దు దాటితే కరోడ్గిరీవాళ్ళు పెట్టెలు విప్పించి సుంకం చూసేవారు. ఇటు రూపాయి కల్దారు, అటు రూపాయి హాలీ. ఆరు కల్దారు రూపాయలకి ఏడు హాలీ రూపాయలు. పెళ్ళి చీరలకి వెళ్ళినవాళ్ళు దుకాణంలో ముందడిగే ప్రశ్న ధర ఎంత అని కాదు, హాలీనా కల్దారా అని. 1957లో నయాపైసలు వచ్చి అణాలూ కాణీలూ పోయాయి. అదే కాలంలో గవర్నమెంటు ఉద్యోగస్థుల ఇళ్ళల్లోకి ఇంకో కొత్త మాట వచ్చింది, ఎల్.టి.సి. 1956లో కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన ఈ సెలవు ప్రయాణపు రాయితీ పుణ్యమా అని, ఎన్ని కుటుంబాలు మొదటిసారి రైలెక్కాయో! రాజులు చేసిన దేశాటనం గుమస్తా భార్య కూడా చేసింది. ఇప్పుడు సెల్‌ఫోను చూపిస్తే కాశీ పడవవాడు సైతం డబ్బు పుచ్చుకుంటున్నాడు. షరాబు లేడు, వట్టం లేదు. తెలియనితనానికి కట్టే సుంకం మాత్రం ఉంది. స్టేషను బయట ఆటో ఎక్కి చూడండి.

మా అమ్మమ్మ 1972లో కాశీ వెళ్ళింది, మూడో తరగతిలో. ఆ తరువాత రెండేళ్ళకి, 1974లో, రైళ్ళల్లో మూడో తరగతి అనేదే ఎత్తేశారు. ఆవిడ రాసుకున్న అరఠావు పుస్తకం నా దగ్గరుంది. తాతయ్య ఇచ్చిన డబ్బు ఒక పక్క, తను పాల డబ్బుల్లో మిగుల్చుకున్నది ఇంకో పక్క. రెండో దాన్నించి ఏం కొన్నదీ తాతయ్యకి చెప్పినట్టు లేదు. టిక్కెట్లు, కూలి, రిక్షా, పడవ, పిండాలు పెట్టించినాయనకి దక్షిణ, గంగ పట్టుకొచ్చే రాగిచెంబులు పన్నెండు, కాశీదారాలు రెండు కట్టలు, అన్నపూర్ణ బొమ్మ ఒకటి. అన్నిటికన్నా పెద్ద పద్దు యాత్రలో లేదు, ఇంటికొచ్చాక ఉంది. కాశీ సమారాధన. గంగపూజకి వీధివీధంతా భోజనాలు పెడితే అయిన ఖర్చు, ఇద్దరి రైలు టిక్కెట్ల కన్నా ఎక్కువ. కాశీలో ఏదో ఒక కూరా, ఒక పండూ వదిలిరావాలి గదా, ఆవిడ కాకరకాయ వదిలేసింది. అది ఆవిడకి మొదటినుంచీ కిట్టదు. ఆ పేజీ చివర ఇంకో రెండు ముక్కలున్నాయి, పెన్సిలుతో. హోల్డాలు ఎదురింటివాళ్ళకి తిరిగి ఇచ్చాను. పట్టీ తెగితే కుట్టించిన కూలి పావలా.